మూడో కల్వర్టు

భీమ్లా కాలిని బండికి కట్టేశారు.

ఎడమకాలు. మోకాలి కింద అది ఎటూ ఆయనది కాదు, జైపూరు కాలు. ఫుట్‌రెస్ట్ మీద ఉందో జారిపోయిందో ఆయనకు తెలియదు. అందుకని బండి నడిపే జంపయ్య ట్యూబు ముక్క తెచ్చి, రెండు చుట్లు చుట్టి ముడివేశాడు.

"గట్టిగైందా సారూ?"

"నాకేం తెలుస్తది? దాన్నే అడుగు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జంపయ్య నవ్వలేదు.

మొత్తం ముప్పై మోటారుసైకిళ్లు. ప్రతి బండికీ ఒక జెండా. ఖమ్మం, పాల్వంచ వాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం అది. ఏటా ఒక మాజీ జవానును వెతికి పట్టుకుని, బండి మీద ఊరేగించి, శాలువా కప్పుతారు. మంచి పనే. కాకపోతే సన్మానం అనేసరికి మనవాళ్లకు ఒళ్లు తెలియదు. చేయించుకునేవాడి మొహం వైపు చూడటం మరిచిపోతారు.

"కారుల వస్త బాబూ" అని భీమ్లా మూడుసార్లు చెప్పాడు. "బండ్ల సంఘం సార్ మాది, కారెక్కిస్తే నలుగురు నవ్వుతరు" అని సంపత్ నాలుగుసార్లు చెప్పాడు. సంపత్ పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి, ఈ సంఘానికి పెద్ద.

"మా జంపయ్య భద్రాచలంల మెకానిక్ సార్. పోయినేడే సంఘంల చేరిండు. మీ పేరు చూసిన కాడి సంది, సారును నా బండి మీదనే తీస్కపోత అని ఒకటే పట్టు."

ఆ మాటకు భీమ్లా మెత్తబడ్డాడు.

అసలు ఆయన ఒప్పుకున్నది శాలువా కోసం కాదు. పద్దెనిమిదేళ్ల కింద, సీఆర్పీఎఫ్ జవానుగా ఉన్నప్పుడు, ఈ అడవి దారిలోనే ఆయన జీపు కింద నక్సలైట్లు పెట్టిన మందుపాతర పేలింది. జీపులో ఆరుగురు. డ్రైవర్ రాజు ఏదో నవ్వులాట కథ చెబుతున్నాడు. కథ సగంలో ఉండగా రోడ్డు లేచింది. భీమ్లా ఒక్కడే మిగిలాడు. రాజు చెప్పబోయిన మిగతా సగం ఏమిటో ఇప్పటికీ తెలియదు.

అప్పటినుంచి కళ్లు మూస్తే చాలు, మళ్లీ ఆ జీపులోనే ఉంటాడు. దిగలేడు. ఆ చోట ఒక్కసారి నిలబడి, పోయిన అయిదుగురినీ పేరుపేరునా పిలిస్తే దాంట్లోంచి బయటపడతానని ఆయన ఆశ. పాత కాగితాల్లో ‘దుమ్ముగూడెం దాటాక మూడో కల్వర్టు’ అని ఉందట. ఆ ఒక్క ముక్క పట్టుకుని బయల్దేరాడు.

బండ్లు కదిలాయి. ముందు పదిహేను, వెనక పదిహేను. హారన్లు, నినాదాలు. దుమ్ముగూడెం దాటి అడవి చిక్కబడేసరికి కళ్లు తెరిచి ఉండగానే భీమ్లా ఆ జీపులోకి వెళ్లిపోయాడు.

"జెర ఆపు జంపయ్యా. దిగుత."

"నడిమిట్ల ఆపితే ఎనక బండ్లు గుద్దుకుంటయ్ సారూ."

దూకుదామన్నా కాలు కట్టేసి ఉంది. కట్టుకొయ్యకు కట్టిన మేకలా అయిపోయాడు. ముందు కూర్చున్న జంపయ్య భుజాలను గట్టిగా పట్టుకున్నాడు. ఆ చొక్కా తడిసి ముద్దయి ఉంది.

"నీకెందుకు గింత చెమట?"

జంపయ్య ప్రతి గుంతనూ తప్పించి, కుదుపు తగలకుండా నడుపుతున్నాడు.

"నీదే ఊరు?"

"గీ అడవే సారూ."

"ఆ దినాలల్ల గూడ ఈడనే ఉన్నవా?"

"అవ్."

పాపం, అటు అన్నలూ ఇటు పోలీసులూ, మధ్యలో ఎంత నలిగాడో అనుకున్నాడు భీమ్లా.

మూడో కల్వర్టు దగ్గర అందరూ ఆగారు. గోడకు అప్పటికే ఫ్లెక్సీ కట్టి ఉంది. భీమ్లా అటూ ఇటూ చూశాడు. రెండువైపులా మిరప తోటలు. ఆయనకు గుర్తున్న గుట్ట ఎక్కడా లేదు.

"ఇది గాదు బాబూ."

"మూడోదే సార్. కొత్త రోడ్డేసినప్పుడు గుట్ట తవ్విన్రేమో. ఇదే అనుకుందాం. ఫ్లెక్సీ గూడ కట్టినం గద."

"అనుకుంటే అయ్యేదైతే ఇంట్లనే అనుకుందును."

కూర్చున్నవాడిని కూర్చున్నట్టే ఉంచి శాలువా కప్పారు. దండలు మెడ నిండి గడ్డం దాకా వచ్చాయి. ఫోన్లన్నీ ఆయన వైపే ఉన్నాయి. అయిదు పేర్లలో ఒక్కటీ నోట్లోంచి రాలేదు. ఇంత దూరం వచ్చి మళ్లీ ఆ జీపులోనే తిరిగి పోవాలి. భీమ్లాకు ఏడుపొచ్చింది.

అందరిలోకీ జంపయ్య ఒక్కడే ఇంజను ఆపలేదు. ఉన్నట్టుండి హ్యాండిల్ తిప్పి, వరుసలోంచి బయటికి తీశాడు.

"జంపయ్యా! ఏడికి?" సంపత్ అరుస్తూనే ఉన్నాడు.

కిలోమీటరు పోయాక బండి తారురోడ్డు వదిలింది. పక్కన గడ్డి మొలిచిన పాత దారి. ఒక మలుపు. కుడివైపు గుట్ట. విరిగిన పాత కల్వర్టు, దాని మధ్యలో జీపు పట్టేంత గుంత. ఇప్పపూల వాసన.

బండి ఆగింది.

భీమ్లా గుంతనూ గుట్టనూ మార్చి మార్చి చూశాడు. ఇదే. వెక్కివెక్కి ఏడుస్తూ అయిదు పేర్లూ పిలిచాడు. రాజు పేరు రెండుసార్లు పిలిచాడు. గుండె మీద బరువు కొంచెం జరిగినట్టయింది.

మొహం తుడుచుకుని, జంపయ్య వీపు నిమిరాడు.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా. కాగితాలకు గూడ అందని జాగ, నీకెట్ల తెల్సు?"

జంపయ్య వెనక్కి తిరగలేదు. ఒక చెయ్యి ఎత్తి గుట్ట వైపు చూపించాడు.

"ఆడ, వైరు చేతుల పట్టుకొని, మీ జీపు కోసం పొద్దుగాల సంది కూసున్నది నేనే సారూ."