శౌరి దగ్గు

విశాఖ బీచిలో ఎనభై ఎనిమిదేళ్ళ శౌరి గిటారు పట్టి రాక్ పాట అందుకున్నాడు. ముసలి గాయకులందరిలాగే అతని మెడకూ గొంతుపట్టీ ఉంది. నోరు కదిపితే చాలు, పాతికేళ్ళ వయసునాటి గొంతు పలుకుతుంది.

మొదటి చరణంలోనే పొలమారింది. శౌరి కళ్ళనీళ్ళు కారేలా దగ్గుతున్నా పట్టీలోంచి పాట ఆగలేదు. జనంలో ఎవరూ గమనించలేదు.

రెండో చరణంలో పట్టీయే ఠంచనుగా దగ్గింది. తొలి రికార్డులో అక్కడ శౌరికి దగ్గొచ్చింది మరి! అరవయ్యేళ్ళ ఆనవాయితీ ప్రకారం జనమంతా హుషారుగా దగ్గారు.

శౌరి బిత్తరపోయి, డ్రమ్ములు వాయిస్తున్న పాత నేస్తం మోజెస్‌ వైపు తిరిగాడు.

"ఒరే మోజెసూ, ఇప్పుడు దగ్గింది నేనేనేటిరా?"

"నువ్వే గదరా! ఇందాక దగ్గినోడెవడో మరి నాకు తెల్దు."