జిగురు కారిన చెట్లు

"నా చెట్లను చంపింది నువ్వే కదూ, క్లెమ్?"

పొరుగింటి ఓలివ్ వాకిట్లోకి వచ్చీ రాగానే అడిగిన మాట అది. గొర్రెకు బొచ్చు కత్తిరిస్తున్న క్లెమ్ చెయ్యి ఆగిపోయింది. అతని భార్య హెస్టర్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఓలివ్ చేతిలో చెర్రీ చెట్టు బెరడు ముక్క ఉంది. దాని మీద ఎర్రటి జిగురు గడ్డకట్టి ఉంది. లోపలి వైపు నల్లగా కుళ్లింది.

"పొద్దున హెర్ఫర్డ్ నుంచి అటవీశాఖ ఆయన వచ్చాడు. బెరడు కుళ్లబెట్టే కాంకర్ తెగులట. కలప కోసం పదిహేనేళ్లు పెంచిన అరవై చెట్లూ నరికి కాల్చెయ్యమన్నాడు. కొమ్మ కోసిన ప్రతి గాయంలోంచీ జిగురు కారుతోంది. చలికాలం తడిలో కోస్తే కంటికి కనపడని క్రిమి ఆ గాయంలో దూరుతుందట. మా ఆయన బెర్నార్డ్ ఎండాకాలంలో తప్ప రంపం ముట్టుకునేవాడా?"

"ఆ సంగతి ఊరందరికీ తెలుసు."

"మరి జనవరిలో, నేను బడి వంటశాలలో పనికి వెళ్లిన వేళ, మా తోటలో నీ నిచ్చెన ఉందని పోస్టుమాన్ అంటున్నాడు."

"నిచ్చెన నాదే."

"రంపం?"

క్లెమ్ గొర్రెను వదిలేశాడు. అది సగం బొచ్చుతో దొడ్డి మూలకు పరుగెత్తింది.

"మా చేను నీకు అమ్మనన్నాననేగా ఇంత కడుపుమంట?" ఓలివ్ గొంతు పెంచింది. "ఏప్రిల్‌లో ఆ చేతులతోనే కదా మా ఆయన శవపేటిక మోశావు. సిగ్గనిపించలేదూ? ఇంక నా గడప తొక్కకు. రేపు నేను పోయినా రాకు."

"సరే, ఓలివ్."

ఆమె బెరడు ముక్కను అతని కాళ్ల దగ్గరకు విసిరేసి వెళ్లిపోయింది. హెస్టర్ వాకిట్లోకి దిగింది.

"ముప్పై ఏళ్ల స్నేహం. కాదని ఒక్క మాట అనవేం? నిజంగా నువ్వే కోశావా?"

క్లెమ్ వంగి బెరడు ముక్క తీసుకున్నాడు.

"ఏమని చెప్పను హెస్టర్? మంచులో కోటు విప్పేసి, రంపంతో చెట్టెక్కి, ఎండ మాడ్చేస్తోందన్నాడు బెర్నార్డ్. దిగమంటే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పడిపోతాడని నిచ్చెన పట్టుకున్నాను."