వంకర గీత

లోపలికి వస్తూనే ఆ మనిషి స్టూలుకు తగిలాడు. దాని మీదున్న నల్ల సిరా సీసా కింద పడి పగిలింది.

"పొద్దుగాల్నే తాగొచ్చినవా?" కసిరాడు ప్రవీణ్.

పటాన్‌చెరులో అతని టాటూ షాపుకు ఇంకా బోణీ కూడా కాలేదు. వచ్చినవాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంకేం, తాగుబోతే అనుకున్నాడు.

"తాగలే బిడ్డా, తప్పయింది. నా పేరు పోచయ్య, మాది పటేల్‌గూడ. కంపెనీల ఫిట్టర్‌గ చేసిన."

సంచిలోంచి తువ్వాలలో చుట్టిన టాటూ మిషన్ తీశాడు. ఇత్తడి ఫ్రేము, రాగి తీగ చుట్టిన రెండు కాయిల్స్.

"నా చేతులతోటి చేసిన. రెండేండ్లు పట్టింది. ఈ స్క్రూ జెర బిగిస్తే లైన్ గీస్తది, వదులు చేస్తే షేడింగ్ చేస్తది."

"ఒక్క మిషన్‌తోటి రెండు పనులా?"

"నువ్వే గీసి చెప్పు. మంచిగుందంటే ఇంకో నాలుగు చేస్త. ఇగ నాకు గిదే బతుకుదెరువు."

ప్రాక్టీసుకు వాడే రబ్బరు తోలు మీద ప్రవీణ్ ఒక గీత గీశాడు. వెంట్రుకంత సన్నగా, ఎక్కడా తెగకుండా వచ్చింది. స్క్రూ వదులు చేశాడు. షేడింగ్ పొగలా మెత్తగా పరుచుకుంది. తను కొన్న కంపెనీ మిషన్ ఏనాడూ ఇంత బాగా పని చేయలేదు.

కానీ సరుకు నచ్చిందని బయటపడితే అమ్మేవాడు కొండెక్కి కూర్చుంటాడు. బేరమాడే వాళ్లంతా చేసే పనే ప్రవీణ్ కూడా చేశాడు.

"ఎట్లొచ్చింది బిడ్డా?" అడిగాడు పోచయ్య.

"ఏముంది? గీత వంకర పోయింది. షేడింగంత మరకలే," పెదవి విరిచాడు.

ఎక్కడ వంకరో చూపించమంటాడు, కాసేపు వాదులాడి తక్కువకు బేరం తెంచుకోవచ్చు అనుకున్నాడు.

పోచయ్య వాదించలేదు.

"నిజమేనా?" అని ఒక్కసారే అడిగాడు.

"అబద్ధం నాకెందుకు?"

మిషన్‌ను తువ్వాలలో చుట్టుకుని పోచయ్య బయటికి నడిచాడు. మెట్ల మీద కూర్చున్న ఒకావిడ లేచి అతని చెయ్యి పట్టుకుంది. తాగుబోతు మొగుణ్ని ఇంటికి చేర్చుకుంటోంది, పాపం అనుకున్నాడు ప్రవీణ్. రేపు వాడే దిగొస్తాడులే.

రాలేదు. నెల గడిచింది. గోడకు తగిలించిన ఆ రబ్బరు తోలు మీది గీతను చూసినప్పుడల్లా తన గీతలు తనకే మోటుగా కనిపించసాగాయి. చివరికి దాన్ని జేబులో పెట్టుకుని పటేల్‌గూడ వెళ్లాడు.

ఆ రోజు షాపు మెట్ల మీద కూర్చున్న ఆవిడే తలుపు తీసింది. పోచయ్య భార్య కౌసల్య.

"ఆయన పోయి పన్నెండు దినాలాయె."

"మరి... మిషన్?" అన్నాడు ప్రవీణ్.

"నీ దగ్గర్నుంచి వచ్చిన్నాడే తీగలన్ని విప్పేసిండు. రెండేండ్లు వంకర పనే చేసిన్నా అని ఏడ్సిండు. ఇగ ఏ పనీ ముట్టలే."

ప్రవీణ్ జేబులోంచి రబ్బరు తోలు తీసి చూపించాడు.

"మంచిగొచ్చిందమ్మా! బేరం కోసం గట్లన్న. ఆయన ఒక్కసారి ఇటు చూసినా తెలిసిపోతుండె గదా!"

కౌసల్య ఆ గీత మీద వేలు ఆనించింది.

"ఎట్ల సూస్తడు బిడ్డా? కంపెనీల గ్యాసు తగిలి రెండు కండ్లు పోయి ఆరేండ్లాయె. నువ్వు చెప్పిందే ఆయన సూసిన గీత."