మూడో రిహార్సల్

అపార్టుమెంటు సెల్లారులో ఆ మూల లైటు పోయి చాలా రోజులైంది. ఆ మసక వెలుతురులోనే అమ్మ సముద్రం ప్రయాణానికి కారు డిక్కీ సర్దుతోంది.

టార్చి, బండిని లాగే తాడు, అద్దం పగలగొట్టే సుత్తి, కట్లు కట్టే మందుల పెట్టె, మెడలో వేసుకునే విజిళ్లు. నాన్న పొద్దున్నే ఇవన్నీ కిందికి దింపించి మరీ ఆఫీసుకు వెళ్లాడు. ఇక బట్టల సంచి ఎటు తిప్పినా పట్టడం లేదు.

“బట్టలెందుకులే, ఈ తాడే చుట్టుకుని తిరుగుదాం,” అని అమ్మ గొణుక్కుంది.

వెనక సీట్లో కూర్చున్న పెద్దమ్మాయి నవ్వలేదు. ఆమె చూపంతా ర్యాంపు మీదే ఉంది. నాన్న ఏ క్షణంలోనైనా రావచ్చు.

నాన్న బీమా కంపెనీలో ప్రమాదాల క్లెయిములు చూస్తాడు. నుజ్జునుజ్జయిన కార్లు, దారిలో దోపిడీకి గురైన కుటుంబాలు, ఆయనకు రోజూ ఇవే. చూసి చూసి, ఊరు దాటాలంటేనే గుండె దడ పట్టుకుంది. సామాను కొంటే చాలదు, వాడటం చేతకావాలంటాడు. అందుకే దొంగలా ముఖం కప్పుకుని వచ్చి తనే కారు మీద పడతాడు. నోరు మాత్రం మెదపడు. అమ్మ తలుపు తీయకూడదు. పెద్దది కళ్లు మండించే పెప్పర్ స్ప్రే కొట్టాలి. రిహార్సల్ కోసం అచ్చం అలాంటి సీసాలోనే నీళ్లు నింపి, గుర్తుగా దాని మెడకు రబ్బరు బ్యాండు వేశాడు. అసలుదీ, ఇదీ పెద్దదాని చేతిసంచిలోనే ఉంటాయి. అన్నీ సరిగ్గా చేస్తే “పాస్” అంటాడు. ఆ మాట విన్నాకే తలుపు తీయాలి.

ఆ మాట ఇంతవరకూ వినలేదు. మొదటిసారి అద్దం మీద దెబ్బ పడగానే పెద్దదాని చేతులు కొయ్యబారిపోయాయి. రెండోసారి కళ్లు మూసుకుని కొట్టిన నీళ్లు అమ్మ మెడ మీద పడ్డాయి. అసలే క్లాసులో హాజరు పలికినా పక్క బెంచీకి వినిపించని పిల్ల. నాన్న ఆమెకు నత్త అని పేరు పెట్టాడు. చెల్లెలు ఆ పేరును బడంతా చాటింది.

“ఈసారి కూడా నత్త ముడుచుకుపోయిందంటే సముద్రం లేదు, గిముద్రం లేదు,” అన్నాడు పొద్దున బయల్దేరుతూ. ఎప్పుడొస్తావని చెల్లెలు అడిగితే నవ్వాడు. “దొంగ ఫోన్ చేసి వస్తాడా ఏంటి?”

చెల్లెలు పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. ఇసుకలో ఆడుకునే చిన్న బకెట్టును డిక్కీలో పెట్టనివ్వకుండా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

“అక్కా, జడ నేనే వేసుకున్నాను, చూడు.”

పెద్దది చూడలేదు. ఆ బకెట్టునే చూస్తోంది. అది ఖాళీగా మళ్లీ మేడెక్కితే ఆ తప్పు తనదే.

అమ్మ డిక్కీ మూసి, ముందు సీట్లో కూర్చుని, తలుపులు లాక్ చేసింది. అప్పుడే స్తంభం వెనక ఏదో కదిలింది.

ఈసారి మంకీ క్యాప్ కాదు, హెల్మెట్. వేషం మార్చాడు. అడుగుల చప్పుడు కూడా వినిపించలేదు. వస్తూనే అమ్మ వైపు హ్యాండిల్ పట్టి గుంజాడు. రాకపోయేసరికి మోచేత్తో అద్దం మీద ఒక్కటిచ్చాడు. కారు ఊగింది. పెద్దదాని వేళ్లు మళ్లీ బిగుసుకుపోయాయి.

“నాన్నా, బూట్లు కొత్తవా?” అని చెల్లెలు కిసుక్కున నవ్వింది.

హెల్మెట్ అటు తిరిగింది. ఒక్క క్షణం ఆగి, అవునన్నట్టు మెల్లగా పైకీ కిందికీ ఊగింది. ఆ తర్వాత వేలితో అద్దం దించమని సైగ చేశాడు.

అమ్మకు విసుగొచ్చింది. పైన పొయ్యి మీద వంట అలాగే ఉంది. అద్దం సగం దించింది. “ఇక చాలించండి. అద్దం పగిలితే ఆ క్లెయిము కూడా మీరే రాసుకోవాలి.”

ఇంకా పాస్ అనలేదని పెద్దది చెప్పబోయింది. మాట పెదవి దాటలేదు.

చెయ్యి లోపలికొచ్చి అమ్మ మణికట్టు పట్టుకుంది. రెండో చెయ్యి లాక్ కోసం తడుముతోంది. నొప్పిగా ఉంది, వదలమంది అమ్మ. వదల్లేదు. నాన్న ఇంతదూరం ఎప్పుడూ పోలేదు. ఎలాగైనా ఇవాళ నత్తను గుల్లలోంచి లాగాలనే పంతంతో ఉన్నట్టున్నాడు.

పెద్దది చేతిసంచిలోంచి చేతికి తగిలిన సీసా తీసింది. సీట్ల మధ్యనుంచి ముందుకు వంగింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. హెల్మెట్ కింద, గడ్డం దగ్గరి సందులోకి గురిపెట్టి నొక్కింది.

ఆ అరుపు రిహార్సల్ అరుపు కాదు. చెయ్యి విదిలించుకుని, స్తంభానికి గుద్దుకుని, పడుతూ లేస్తూ ర్యాంపు మీదికి పరుగెత్తాడు. కారులో గొంతులు మండిపోయాయి. చెల్లెలు దగ్గుతోంది. అమ్మ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

“ఏ సీసా కొట్టావే?”

పెద్దది టార్చి వేసి చూసింది. ఒకేలాంటి రెండు సీసాలు. దేని మెడకూ రబ్బరు బ్యాండు లేదు. అది చెల్లెలి జడ చివర ఉంది.

తాగే నీళ్ల సీసా, డిక్కీలోని మందుల పెట్టె చేతబట్టుకుని అమ్మ, “ఏమండీ, ఆగండి, కళ్లు నులుముకోకండి,” అంటూ ర్యాంపు వైపు పరుగు తీసింది.

నాన్నకు కళ్లు పోతాయా అని చెల్లెలు ఏడుస్తూ అడిగింది. నత్తలా ముడుచుకుని కూర్చుని ఉంటే సముద్రం ఒక్కటే పోయేది అనుకుంది పెద్దది.

ముందు సీట్లో అమ్మ ఫోన్ మోగింది. పెద్దది ముందుకు వంగి ఎత్తింది.

“ఆఫీసులోనే ఇరుక్కుపోయాను తల్లీ, ఇవాళ్టికి దొంగ రాడని అమ్మకు చెప్పు,” అన్నాడు నాన్న.