వీపు మీద చెయ్యి

వెన్ను వంకరకి చేయించిన బెల్టు విశాఖ నుంచి రాగానే మా మనవరాలు పూర్ణిమ దాన్ని మంచం కిందకి తోసేసింది. పదమూడేళ్ల గుంట, వైద్యం మాత్రం తనే నిర్ణయిస్తుందట.

“వ్యాయామాలు సాలవా అమ్మమ్మా?”

“వాటితోనే వంకర ఆగదన్నాడు డాక్టరు. బెల్టు కడితే ఆగొచ్చు. ముదిరితే ఆపరేషన్ చేసి కడ్డీలు వేస్తారు. కడ్డీలైతే నీకు ముద్దొస్తాయా?”

“థింసా ఆటలో వరస కట్టి పక్కోళ్లు వీపు మీద సెయ్యేస్తే బెల్టు తగిలిపోద్ది. అందరికీ తెలిసిపోద్ది. నువ్వెప్పుడైనా ఆడినావేటి, నీకు తెలియడానికి?”

నిజమే, ఆడలేదు. టీచరు గంతులేస్తే పిల్లలు లెక్కచెయ్యరని ఊరందరికీ చెబుతూ వచ్చాను.

“సాయంత్రం వరసలో చివర నిలబడు. పక్కన నేనుంటాను. నీ వీపు మీద పడేది నా చెయ్యొక్కటే. నేనెవరికీ చెప్పను.”

అమ్మమ్మ గంతులు చూడ్డానికైనా పిల్ల బెల్టు కట్టుకుని వచ్చింది.

డోలు మొదలైంది. పూర్ణిమ నా వీపు మీద చెయ్యి వేసి, తియ్యబోయి, మళ్లీ వేసింది. చీర మీదుగానే ఆ వేళ్లు నా వెన్ను వెంట ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి వంకర తిరిగాయి.

“ఇందుకా అమ్మమ్మా, ఇన్నాళ్లూ ఆడలేదు?”

“నోరు కాదు, కాళ్లు కదుపు,” అన్నాను.

“నేనూ ఎవరికీ సెప్పన్లే,” అంది.