అద్దంలో ముసలాడు

నా భార్య చిహొ చివరి రోజున మేము ఒనోమిచి ఊళ్లో కొండ మెట్లు ఎక్కుతూ ఉన్నాం. యానిమే బొమ్మల కథల్లో చూపిన చోట్లకు వెళ్లి, అక్కడ నాయికలాగే నిలబడి ఫొటో దిగడం ఆమెకు పిచ్చి. తీసే ఉద్యోగం నాది. జీతం తిట్లు.

ఆమెకు నచ్చే నాయికలంతా వీపు తిప్పి దూరంగా చూస్తుంటారు. అందుకని పదేళ్లుగా నేను వీపులే తీశాను.

ఆ రోజు రోడ్డు మలుపు దగ్గర, ఎదురొచ్చే బళ్లు కనిపించడానికి కట్టిన గుండ్రటి అద్దం ముందు నాకు వీపు పెట్టి నిలబడింది. కెమెరా నొక్కాను.

"ఏవండీ, అద్దంలో మీరు పడ్డారు! ఆ కథలో ముసలాడు లేడు."

"ఈ ఊళ్లో ముసలాళ్లు కాక ఇంకెవరున్నారు? ఉండనీ."

"మళ్లీ తియ్యండి."

"మోకాళ్లు ఒప్పుకోవట్లేదు. రేపొద్దున తీస్తాలే."

తెల్లవారేసరికి చిహొ నిద్రలోనే పోయింది.

అంత్యక్రియలు జరిపించే ఆయన, పూల మధ్య పెట్టడానికి ఫొటో అడిగాడు. పాతకాలం ఫొటోలు తప్ప, ఈ పదేళ్లవన్నీ వీపులే. ఇప్పటి ముఖం కనిపించేది ఆ పాడైన ఫొటోలోనే. అద్దంలో నన్ను చూసి పకపకా నవ్వుతోంది.

"ముఖం చక్కగా వచ్చిందండీ. బతికున్నవాళ్లు ఇందులో ఉండకూడదు కదా, మిమ్మల్ని చెరిపేస్తాను."

ఆమె అడిగిందీ అదే. తలూపి ఇంటికొచ్చాను.

కానీ నన్ను చెరిపేస్తే, ఆమె ఎవరిని చూసి నవ్విందో ఎవరికీ తెలియదు. రేపు ఉదయం వెళ్లి, ముసలాణ్ణి అక్కడే ఉండనివ్వమని చెబుతాను.