దొర కుక్క ఉపవాసం

"మూడు దినాలాయె, మెతుకు ముట్టలేదు. దీనికి పిచ్చి లేసినట్టుండాది," అంటూ గిద్యోను దుడ్డుకర్ర అందుకున్నాడు.

మార్కాపురం మిషను దొర ఓడెక్కి తన సీమకు వెళ్తూ, తాను పెంచిన ఆ కుక్కను కొమరోలు చర్చిలో ఉపదేశిగా ఉన్న గిద్యోనుకు అప్పగించాడు. జొన్న సంకటి పెడితే అది తినదు. మూకుడు ముందు బుద్ధిగా కూర్చుని, చొంగ కారుస్తూ ఇంటివాళ్ల ముఖాల్లోకి చూస్తుంది. ఆ చూపే గిద్యోనుకు గిట్టలేదు.

ఇంటి కుక్క కర్రోడు మాత్రం తన సంకటి మింగేసి, దూరం నుంచే దాని మీద గుర్రుమంటున్నాడు.

"చూడు, మన కర్రోడు పసిగట్టినాడు. ఇది కరిచిందంటే వాడూ పోతాడు, మనమూ పోతాం."

"తొందరపడబాకయ్యా. నీళ్లు తాగుతాంది గదా?" అంటూ భార్య కరుణమ్మ అడ్డం వచ్చింది.

గిద్యోను వినలేదు. కర్ర ఎత్తాడు. కరుణమ్మ కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఈ మూగజీవిని కాపాడు నాయనా. ఆమెన్."

ఆ చివరి మాట వినబడగానే దొర కుక్క మూకుట్లో మూతి పెట్టింది. మూకుడు దొర్లిపోయేలా ఆబగా తినసాగింది.

గిద్యోను చేతిలోని కర్ర కిందికి దిగింది.

"దొర ఇంట్లో ఆ మాట అన్నాకనే తిండేమో," అంది కరుణమ్మ మెల్లగా. "మూడు దినాల నుంచి మన నోట వస్తాదని చూస్తాంది పాపం."

కర్రోడు చెవులు రిక్కించి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఉపదేశి ఇంట్లో ఆరేళ్లు పెరిగినా, వాడికి ఆ మాట కొత్త.